పళ్లపొడి బండిలో శ్రీకాకుళం దాకా

మా తెనాలిలో ఎవరైనా ఊరు వెళ్లొస్తే మొదట అడిగేది "భోజనం ఎలా ఉంది?" అని. రెండోది "ఏం తెచ్చావు?" అని. నేను శ్రీకాకుళం జిల్లా తిరిగొచ్చానని తెలిసి మా అరుగు మీద చేరిన మిత్రులకి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగాను. రెండోదానికి ఇంత పొడుగున పేర్చిన పళ్లపొడి డబ్బాలు చూపించాను. అప్పట్నుంచి మా అరుగు ఖాళీగా ఉంటోంది. అందుకే ఈ సంగతులు కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే మధ్యలో లేచి వెళ్లిపోదు.

నేను నాటకాల్లో హాస్యం వేసేవాణ్ని. ఊరూరా సినిమా డేరాలు వచ్చాక మా సమాజం తెరలూ, కిరీటాలూ అమ్మేసుకుని ఎవరి దారిన వాళ్లం పోయాం. నవ్వించడం తప్ప ఏ పనీ రాని మనిషికి ఎవరు ఉద్యోగమిస్తారు? మద్రాసు పళ్లపొడి కంపెనీ ఒకటి ఇచ్చింది. దాని పేరు చెప్పను. ఇప్పటికే కావలసినంత ప్రచారం చేశాను. మైకు కట్టిన బండిలో ఉత్తరాంధ్ర జిల్లాలు తిరగాలి. ఊరి కూడలిలో బండి ఆపి జనాన్ని నవ్వించాలి. నవ్వడానికి నోరు తెరిచినవాళ్లకి పొడి అమ్మాలి. బాగా అమ్ముడైతే రేడియో ప్రకటనల్లో నా గొంతు పెడతామన్నారు. రేడియో అంటే ఊరూరా తిరగక్కర్లేదు, జనం నవ్వారో లేదో చూసుకోనక్కర్లేదు. నడివయసులో అంతకన్నా ఏం కావాలి?

కంపెనీ నాకొక టెరిలిన్ కోటు కుట్టించింది. ఈ టెరిలిన్ అనేది నలగదు, చిరగదు, గాలి పీల్చదు. మనిషిని లోపల పెట్టి మూత బిగించినట్టుంటుంది. ఇస్త్రీ అక్కర్లేదని గొప్పగా చెప్పుకుంటారు గాని, లోపలున్న మనిషికి ఇస్త్రీ అయిపోతుందని ఎవరూ చెప్పరు.

విజయనగరం

రైలు దిగేసరికి ఇద్దరు మనుషులు నాకోసం నిలబడి ఉన్నారు. ఒకతను సుందరం, మద్రాసు కంపెనీ ప్రతినిధి. పాతికేళ్లవాడు. మెడలో టై. ఆ ఎండలో టై కట్టుకున్న మనిషిని చూస్తే ఎవరో అతణ్ని కట్టేసి తాడు మాత్రం మరిచిపోయి వెళ్లారనిపించింది. రెండో ఆయన బండి డ్రైవరు అప్పలస్వామి, చీపురుపల్లి వైపు మనిషి. నా పెట్టె అందుకుంటూ, "మీరేనేటి మాస్టారూ నవ్వించీది?" అన్నాడు. అవునన్నాను. కాసేపు నా మొహం పరీక్షగా చూసి, "సరేనెండి, ఎలగో వొకలాగ" అన్నాడు.

ముందు హోటలుకి వెళ్లాం. భోజనం రూపాయి. వడ్డన ధారాళం, మర్యాద అంతకన్నా ధారాళం. కాని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడ్డాను. పప్పు తియ్యగా ఉంది. పులుసు ఇంకా తియ్యగా ఉంది. వంకాయ కూరలో కూడా బెల్లం తగిలింది. పొరపాటున పెళ్లివారి పంక్తిలో పాయసం వైపు కూర్చున్నానా అనుకున్నాను. మా వైపు అతిథికి పచ్చడి వేస్తే అతని కళ్లల్లో నీళ్లు తిరగాలి, అప్పుడే వడ్డించినవాళ్లకి తృప్తి. వడ్డించే ఆయన్ని పిలిచి కాస్త ఎండుకారం అడిగాను.

"కారం ఏల బాబూ, కడుపు మండిపోతాది" అన్నాడాయన జాలిగా.

"మండడానికేనయ్యా అడుగుతున్నది."

ఆయన లోపలికి వెళ్లి వంటాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ కారం కలుపుకుంటున్న నన్ను చూస్తూ నిలబడ్డారు. ఊళ్లోకి దిగాక నాకు దొరికిన మొదటి ప్రేక్షకులు వాళ్లే.

సాయంత్రం గంటస్తంభం దగ్గర బండి ఆపాం. నేను కోటు తొడుక్కుని మైకు పట్టుకున్నాను. కాని జనమంతా ఎదురుగా ఉన్న కిళ్లీకొట్టు ముందు మూగి ఉన్నారు. కొట్లో ట్రాన్సిస్టరు పెట్టారు. ఎక్కడో క్రికెట్టు జరుగుతోంది. వ్యాఖ్యానం ఇంగ్లీషులో వస్తోంది. గుంపులో ఒక పెద్దమనిషి పక్కవాణ్ని అడిగాడు: "ఏటంటన్నాడు?"

"ఆడతన్నారంట."

"ఎవలు గెలుస్తన్నారు?"

"ఇంకా తెలీదంట. రేపు కూడా ఆడతారు. ఎల్లుండి కూడానంట."

నేను గొంతు పెంచాను. ముసలి మునసబు దగ్గు, పిల్లి పోట్లాట, రైలింజను, అన్నీ చేశాను. ఒకాయన వెనక్కి తిరిగి చేతులు జోడించి, "బాబ్బాబు, కూసింత ఆపుతావేటి, వికెట్టు పడిపోనాది" అన్నాడు. అయిదు రోజుల ఆట తర్వాత ఎవరూ గెలవకుండానే అయిపోవచ్చట! నాటకం అయిదు రోజులు ఆడి, చివర్లో నాయకుడూ గెలవలేదు, ప్రతినాయకుడూ చావలేదు, ఇక ఇళ్లకు పొండి అంటే మా తెనాలి ప్రేక్షకులు కుర్చీలు విసురుతారు. ఇక్కడ మాత్రం చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం అమ్మింది నాలుగు డబ్బాలు. నవ్విందెవరూ లేరు. సుందరం టై కాస్త వదులు చేసుకున్నాడంతే.

రామతీర్థం

మర్నాడు రామతీర్థం కొండ కింద ఆపాం. యాత్రికులున్నచోట పుణ్యం కోసం వచ్చినవాళ్లు పొడి కూడా కొంటారని సుందరం లెక్క. మెట్ల మొదట్లో గౌరమ్మ అనే ముసలమ్మ కొబ్బరికాయలు అమ్ముతోంది. ఉచితంగా ఒక డబ్బా ఇచ్చి మాట కలపమని సుందరం నన్ను తోశాడు.

"అమ్మా, ఇది పళ్లు తోముకునే పొడి" అన్నాను.

"ఏటి బావూ?" అంది. అనగానే నోట్లోంచి గుప్పున పొగ వచ్చింది. చేతిలో చుట్ట లేదు, పెదాల మధ్య చుట్ట లేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అప్పలస్వామి నవ్వాడు. "అడ్డపొగ మాస్టారూ. నిప్పు లోపలికెట్టి కాలుస్తారు మా ఆడోళ్లు."

మా వైపు ఆడవాళ్లు చుట్ట కాల్చినా దొడ్లో, చాటుగా, మామూలు పద్ధతిలో కాలుస్తారు. ఇక్కడ పొలం పని చేస్తూ, బుట్టలు మోస్తూ, నాతో బేరమాడుతూ కూడా నిప్పుని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారు. "నోరు కాలదా?" అని అడిగాను.

"పొయ్యి కాల్తాదేటి?" అంది గౌరమ్మ. చుట్ట తీసి, బూడిద దులిపి, డబ్బా మూత తెరిచింది. "నల్లగున్నాది కదేటి! నల్ల పొడెట్టి తోమితే తెల్లగెలగవుతాది?"

"అవుతాయమ్మా. పళ్లు తెల్లగా మెరుస్తాయి."

"మెరిసి ఏటి సేస్తాయి?"

కంపెనీ వాళ్లు నాకు బట్టీ పట్టించిన కాగితాల్లో ఈ ప్రశ్నకి జవాబు లేదు. సుందరం వైపు చూశాను. అతను కొండ వైపు చూస్తున్నాడు. గౌరమ్మ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బా సక్కగున్నాది" అని నా చెయ్యి పట్టుకుని, పొడంతా నా దోసిట్లో పోసింది. ఖాళీ డబ్బాలో తన చుట్టలు సర్దుకుంది. అవి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. పక్కనున్న ఆడవాళ్లంతా వచ్చి డబ్బాలడిగారు. ఆ పూట విజయనగరం కన్నా ఎక్కువే పోయాయి. సుందరం సంతోషించాడు. కొండ కింద గట్టుమీద నల్లటి కుప్ప మాత్రం పెరుగుతూ వచ్చింది.

చీపురుపల్లి దారి

కొండల వైపు తుపాకులూ, బాంబులూ పేలుతున్న రోజులవి. రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పెట్టి పోలీసులు బండ్లు ఆపుతున్నారు. మా ముందొక బస్సు ఆగి ఉంది. వాళ్ల హెడ్డు కానిస్టేబులు మా బండి వెనక తలుపు తీసి, ఒక డబ్బా మూత తెరిచి, మొహం దూరంగా జరిపాడు.

"ఇదేటిది?"

"పళ్లపొడండి."

"నల్లగున్నాది. డబ్బాల్లో కూరినారు. మైకెట్టుకొని ఊళ్లంట తిరుగుతన్నారు." ఆయన ఒక్కొక్క మాటా ఆలోచించి అంటుంటే, నాక్కూడా మా మీద అనుమానం వచ్చింది. పక్కనున్న కానిస్టేబులు అగ్గిపుల్ల గీసి చూద్దామన్నాడు. హెడ్డు చప్పున పదడుగులు దూరం వెళ్లి, అక్కణ్నించి నన్ను వేలితో చూపించాడు. "పళ్లపొడయితే నువ్వు తోముకో. మావు సూస్తాం."

నేను పుట్టిన దగ్గర్నుంచి వేపపుల్లతో తోమినవాణ్ని. ఆ పొడిని రెండు ఊళ్లలో పొగిడాను గాని ఎప్పుడూ నోట్లో పెట్టుకోలేదు. నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, టెరిలిన్ కోటులో, వేలితో తోమడం మొదలుపెట్టాను. లవంగం, కర్పూరం, ఇంకా పేరు తెలియనిదేదో కలిసి నాలుక మీద మంట పుట్టించాయి. నల్లటి నురగ గడ్డం మీదుగా కోటు మీదికి దిగింది. నీళ్లడిగితే, ఇంకా తోమమన్నాడు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తర్వాత దాని తల్లి. తర్వాత కండక్టరు. తర్వాత బస్సంతా. చివరికి హెడ్డు కూడా నవ్వి, నన్ను పుక్కిలించనిచ్చి, వాళ్లత్తగారికని ఒక డబ్బా తీసుకుని బొంగు ఎత్తించాడు.

బండి కదలగానే సుందరం నా చేతులు పట్టుకున్నాడు. "సార్, ఇదే మన ఐటం! ప్రతి ఊళ్లో ఇదే చెయ్యాలి."

చేశాను. చీపురుపల్లి స్టేషను ముందు ఒకసారి, సంత దగ్గర ఒకసారి, సినిమా హాలు ముందు రెండుసార్లు పళ్లు తోముకున్నాను. జనం నవ్వారు, కొన్నారు. ఆ సాయంత్రం అప్పలస్వామి అక్కగారింట్లో భోజనం. మేం రాగి అనే చోడి అంబలి, ఎండుచేపల పులుసు, ఉల్లిపాయ. వాసన చూస్తేనే ప్రాణం లేచొచ్చేలా ఉంది. నోట్లో పెట్టుకుంటే అన్నీ కర్పూరంలాగే ఉన్నాయి. ఆ జిల్లాలో బెల్లం తగలని పులుసు నాకు దొరికిందీ ఒక్కరోజే, దాని రుచి తెలియనిదీ ఆ ఒక్కరోజే.

ఆమె నాకు మళ్లీ వడ్డిస్తూ మెల్లిగా అడిగింది: "ఏల బావూ, ఏ పనీ దొరక్కనేటి ఇలగ నలుగుర్లోన పళ్లు తోముకుంటన్నావు?"

"అవునమ్మా" అన్నాను. ఇంకో గరిటె అంబలి పోసింది.

రాజాం

రాజాం వర్తకుల ఊరు. ధాన్యం బస్తాల బండ్లు ఒకవైపు దిగుతుంటే, ఇంకోవైపు ప్లాస్టిక్ బకెట్లూ, నైలాను చీరలూ, చేతి గడియారాలూ ఎక్కుతున్నాయి. ఒక రైతు వడ్లు అమ్మిన డబ్బుతో గడియారం కొనుక్కుని, టైమెంతయిందని నన్నడిగాడు. అందులో చూసుకోమన్నాను. "ఇది ఇంటికెల్లినాక కడతాను బావూ, కొత్తది గదా" అన్నాడు.

ఊరి బయట కోసిన మడిలో చెడుగుడు పందెం. గెలిచిన జట్టుకి మా కంపెనీ కప్పు, దాంతోపాటు ఏడాదికి సరిపడా పళ్లపొడి. మైకులో వ్యాఖ్యానం నాది. కూతకి వెళ్లిన ప్రతి ఆటగాడి పేరు తర్వాతా కంపెనీ మాట చెప్పాలని సుందరం షరతు. "ముత్యాల పలువరసకు మన పొడి!" ఇదీ ఆ మాట.

చెడుగుడు నాకిష్టం. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, తెల్ల బట్టలూ అక్కర్లేదు. ఊపిరి ఉంటే చాలు. ఇంతవరకూ ఎవరూ దాన్ని డబ్బాలో పెట్టి అమ్మలేదు. పడమటి ఊరి జట్టులో పోలినాయుడని ఒకడున్నాడు. పొట్టివాడు, నల్లటివాడు, గట్టివాడు. కూతకి వెళ్తే తేలు పాకినట్టు అడ్డంగా వెళ్లి, ఒకణ్ని తాకి, నవ్వుతూ వెనక్కొచ్చేవాడు. ఆ నవ్వు కోసమే జనం అరుస్తున్నారు. నిజంగానే ముత్యాల పలువరస. సుందరం నా చెవిలో, "మన పొడి వాడితే ఇలాంటి పళ్లు వస్తాయని చెప్పండి సార్" అన్నాడు. చెప్పాను.

చివరి కూత పోలినాయుడిది. ఇద్దర్ని తాకి గీత వైపు దూకాడు. నలుగురు మీద పడ్డారు. ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ, చెయ్యి చాచి గీత ముట్టాడు. ముట్టేటప్పుడు మొహం హద్దురాయికి కొట్టుకుంది. జనం మడిలోకి విరుచుకుపడ్డారు. వాణ్ని భుజాల మీద ఎత్తుకుని తెచ్చి బండి ముందు దించారు. నోరంతా రక్తం. ముందరి రెండు పళ్లూ లేవు.

సుందరం వాడి చేతిలో కప్పు పెట్టాడు. దానిమీద పళ్లపొడి డబ్బాలు పేర్చాడు. నా వైపు తిరిగి, "మాట చెప్పండి సార్, మాట!" అన్నాడు.

నేను మైకు దగ్గరికి వెళ్లాను. ముత్యాల పలువరస అనడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఆ నోరు. బదులుగా, "అయ్యలారా, ఈ పొడి ఉన్న పళ్లకే పనికొస్తుంది. పోయిన పళ్లకి కంపెనీ దగ్గర ఏమీ లేదు" అన్నాను.

మడి దద్దరిల్లింది. పోలినాయుడు మైకు దగ్గరికి వంగి, "పళ్లు ఒగ్గీసినాను గాని బావూ, గీత ఒగ్గనేదు!" అన్నాడు. ఇక జనం ఆగలేదు. నా జన్మలో అంత నవ్వు వినలేదు. పోలినాయుడు కూడా నవ్వాడు, నోరు పూర్తిగా తెరిచి. అప్పుడు చూశాను, పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నవ్వేకొద్దీ అది ఇంకా తెరుచుకుంటోంది. వాడు మెల్లిగా నేలమీద కూర్చున్నాడు. డబ్బాలు దొర్లిపోయాయి.

నేనింకా మైకు పట్టుకునే ఉన్నాను. గుంపులోంచి ఒకామె వచ్చి వాడి తల ఒళ్లో పెట్టుకుంది. వాడి అక్క ఎర్రమ్మ. ఊరి ఆసుపత్రి కాంపౌండరు వచ్చి దూది కుక్కాడు. ఒక నిమిషంలో ఎర్రబడింది. డాక్టరు ఊళ్లో లేడు, కుట్లు వెయ్యాలి, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఎర్రమ్మ తలెత్తి నన్ను చూసింది.

"మైకట్టుకోని అలగ సూస్తన్నావేటి బావూ? బండున్నాది కదేటి మీకు?"

శ్రీకాకుళం

సుందరం ససేమిరా అన్నాడు. సాయంత్రం ఇంకో ఊళ్లో సభ ఉంది, పెట్రోలు కంపెనీది, బండి కంపెనీది. "సార్, మీరు వెళ్తే రేడియో సంగతి నా చేతిలో ఉండదు" అన్నాడు. బెదిరింపుగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. అతనిదీ కొత్త ఉద్యోగమే.

నేను జవాబు చెప్పేలోపల అప్పలస్వామి పోలినాయుణ్ని ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. "బండి నాను తోల్తన్నాను బాబూ. మీరెక్కితే ఎక్కండి" అన్నాడు. నేనెక్కాను. బండి కదిలాక సుందరం కూడా పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. పోలినాయుడి తల గోతుల్లో అదురుతుంటే, టై విప్పి మడతపెట్టి తల కింద పెట్టాడు.

ముందే చెప్పేస్తాను. పెదవికి కుట్లు వేశారు, అతుక్కుంది. కంపెనీ నన్ను మళ్లీ పిలవలేదు. హాస్యం మితిమీరిందని రాశారు. ఇప్పుడు రేడియోలో ఆ పొడి గురించి ఎవరో నాకన్నా చక్కటి గొంతుతో చెబుతున్నారు. విన్నప్పుడల్లా కట్టేస్తాను. జీతం మాత్రం కొంత డబ్బు రూపంలోనూ, కొంత డబ్బాల రూపంలోనూ ఇచ్చారు.

కాని ఆ సాయంత్రం బండిలో మాకివేవీ తెలియవు. పొద్దు వాలుతోంది. పోలినాయుడు కళ్లు మూసి మూసి తెరుస్తున్నాడు. వాడు మగతలోకి పోతాడని ఎర్రమ్మ భయపడుతోంది. "ఏటో వొకటి సెప్పు బావూ, వాడు ఇంటాడు" అంది. నాకు వచ్చింది ఒక్కటే పని. ఒకసారి మా నాటకంలో రాజుగారు కొలువులో గర్జిస్తుంటే మీసం ఊడిన సంగతి మొదలుపెట్టాను. మీసం గాల్లో తేలింది. ఎదురుగా మంత్రిగారు, "చిత్తం ప్రభూ" అనడానికి నోరు తెరిచారు. మీసం సరిగ్గా ఆయన నోట్లోకి...

పోలినాయుడి కడుపు కదిలింది. చెయ్యెత్తి నా మోచెయ్యి పట్టుకున్నాడు. దూది లోంచి మాట సరిగ్గా రాలేదు. "నవ్వించకు బావూ. నొప్పెడతాది."

ఆపేశాను. నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి నీళ్ల గాలి తగిలింది. వాడు కళ్లు తెరిచి నా వైపు తల తిప్పాడు.

"మరి... మంత్రి ఏటి సేసినాడు?"

"ఒరే, నొప్పెడతాదన్నావు కదేటి!" అంది ఎర్రమ్మ.

"ఎట్టనీ. సెప్పు బావూ."

"ఏం చేస్తాడు? కొలువులో ఉమ్మకూడదు కదా," అన్నాను. "మింగేసి, 'చిత్తం ప్రభూ' అన్నాడు."

పోలినాయుడు రెండు చేతులతో దవడ గట్టిగా పట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారుతుండగా, చప్పుడు లేకుండా నవ్వాడు.